ముద్ర లేని రొట్టె

ఈ వీధిలో అందరూ బట్టీ అత్త అని పిలిచే నేను, ఒంట్లో మోకాళ్ళు తప్ప మిగతావన్నీ సక్రమంగా పనిచేస్తుండగా, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా రాయించుకుంటున్న ఆఖరి వీలునామా ఇది. ఇంతకు ముందు నేను రాసిన వీలునామా ఏదీ లేదు. ఎవరైనా ఉందని తెస్తే అది చెల్లదు. ఇందులో "సదరు", "దఖలు" లాంటి మాటలు వకీలుగారివి, మిగతావి నావి. మధ్యలో పాత గొడవలు ఎందుకమ్మా అని ఆయన అన్నారు. గొడవలు తీసేస్తే నా దగ్గర మిగిలేది ఒక బట్టీ, రొట్టెలు లోపలికి తోసే ఒక చెక్క పార, నాలుగు బట్టలేనని చెప్పాను. ఆయన నవ్వి రాసుకున్నారు. ఆయన ఓపికకు కృతజ్ఞతలు.

1. ఆస్తి వివరం. వీధి చివర రెండంతస్తుల ఇల్లు, దాని కింది భాగంలో వెనకవైపు రొట్టెలు కాల్చే బట్టీ. ఇల్లు నా భర్త నుంచి, బట్టీ మా అత్తగారి నుంచి నాకు సంక్రమించాయి. ఇప్పటి పిల్లలకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. ఒకప్పుడు ఈ వీధిలో ఏ ఇంట్లోనూ రొట్టె కాల్చుకునే వసతి లేదు. పిండి ఇంట్లో కలుపుకుని, పళ్ళెంలో పెట్టుకుని, పొద్దున్నే మా గుమ్మం ముందు బారులు తీరేవాళ్ళు. ఎవరి రొట్టె ఎవరిదో తెలియడానికి ఇంటికో చెక్క ముద్ర ఉండేది. ఒకరిది చేప, ఒకరిది దువ్వెన, ఒకరిది తాళంచెవి. ముద్రలన్నీ మా బట్టీ గది గోడకే వేలాడేవి, ఎవరిది వాళ్ళు తీసి పచ్చి రొట్టె మీద నొక్కి ఇచ్చేవాళ్ళు. కాలిన తర్వాత అది చూసి ఎవరిది వాళ్ళకు అందించేవాళ్ళం. కూలి కింద పళ్ళేనికి నిమ్మకాయంత పచ్చిపిండి తీసుకునేవాళ్ళం. నేనూ, నా మొగుడూ, నా కొడుకూ ఆ నిమ్మకాయలు తినే బతికాం. ఈ ఒంట్లో పుట్టింటి రక్తం ఎంతుందో తెలియదు గానీ, వీధిలో అందరి పిండీ ఉంది. అందుకు అన్నిటికంటే ముందు వీధికి నా దండం.

2. నా ఏకైక కుమారుడికి పై అంతస్తూ, కింది ముందుగదీ సర్వహక్కులతో దఖలు పరుస్తున్నాను. బట్టీ గదీ, దాని వెనక కిటికీ, ఆ కిటికీ తెరుచుకునే సందులో మా వాటా ఇందులో చేరవు. నాయనా, అప్పుడే మూతి ముడుచుకోకు, మొత్తం చదువు. ఇళ్ళల్లో పెట్టుకునే కరెంటు ఓవెన్లు అమ్మే కంపెనీలో నువ్వు చేరిన రోజు నాకు బాగా గుర్తు. మొదటిది ఎదురింటికే అమ్మావు. తల్లి పొట్ట కొట్టడానికి కొడుక్కి జీతం కూడా ఇస్తున్నారని వీధంతా నవ్వింది. కొన్నాళ్ళు నేను నీతో మాట్లాడలేదు. నువ్వేమో నాకే ఒకటి తెచ్చిపెట్టావు, "ఒక్కసారి వాడి చూడమ్మా, చేతులు కాలవు" అని. దాన్ని నీకే తిరిగి ఇస్తున్నాను. నా మందులూ కళ్ళజోడూ దాచుకోవడానికి తప్ప దేనికీ వాడలేదు కాబట్టి కొత్తదని చెప్పి అమ్ముకున్నా అబద్ధం కాదు.

అయినా, నా భుజం పట్టేసిన దగ్గర్నుంచి రోజూ పొద్దున్నే కంపెనీ చొక్కాతోనే వచ్చి కట్టెలు దింపింది నువ్వే. మసి చొక్కాతో పనికి వెళ్ళి అక్కడ మాటలు పడ్డదీ నువ్వే. ఒక్కరోజు కూడా ఇక ఆపమ్మా అనలేదు. ఈ మాట నీ ఎదురుగా చెప్పాల్సింది. చెబితే ఏడుస్తానని కాగితం మీద చెబుతున్నాను. మీ నాన్న ఉన్ని కోటు కూడా నీదే. చేతుల మీద నిప్పురవ్వలు పడిన చిల్లులున్నాయి, అవి కుట్టించకు.

3. గోడకు వేలాడుతున్న ముద్రల్లో, ఆ ఇళ్ళవాళ్ళు ఇంకా ఉన్నవి ఆ ఇళ్ళకే తిరిగి ఇవ్వవలసింది. చందమామ ముద్ర సంగతి మాత్రం వేరు. ఆ ఇంటి అన్నదమ్ములిద్దరూ వేరుపడినప్పుడు మంచాలూ గిన్నెలూ నవ్వుతూ పంచుకున్నారు, ముద్ర దగ్గర పట్టుబట్టారు. చివరికి రంపంతో నిలువునా కోయించారు. అప్పట్నుంచి తలో సగం చందమామ నొక్కుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా వరసలో ఆ చివరొకరు, ఈ చివరొకరు నిలబడేవాళ్ళు. నేను మాత్రం ఆ రెండు రొట్టెలనూ బట్టీలో పక్కపక్కనే పెట్టేదాన్ని. పొంగి అంచుల దగ్గర అతుక్కునేవి. "అత్తా, మళ్ళీ అతుక్కున్నాయేంటి?" అని పెద్దాయన కసిరేవాడు. నిప్పుకు మీ తగవు తెలియదు నాయనా అనేదాన్ని. ఇద్దరూ పోయారు. పెద్దాయన సగం చిన్నాయన మనవరాలికి, చిన్నాయన సగం పెద్దాయన మనవడికి ఇవ్వండి. కలుపుకుంటారో లేదో వాళ్ళిష్టం.

4. ఇల్లూ మనుషులూ లేకుండా మిగిలిపోయిన ముద్రలన్నీ చరిత్ర మాస్టారికి. ఈ వీలునామాకు అమలుదారు కూడా ఆయనే. పొడుగాటి కర్రతో కిటికీలు తట్టి మిల్లు కూలీలను నిద్రలేపినవాళ్ళ గురించీ, పొగాకు చుట్టే కార్ఖానాల్లో కూలీలు తలా కాస్త డబ్బు వేసుకుని, పని చేసుకుంటూ వినడానికి పెట్టుకున్న, పుస్తకాలు చదివి వినిపించే మనిషి గురించీ రాసిన ఆయన. ఒకరోజు మా గుమ్మంలోకి వచ్చి "మీరు చేసేది కూడా చరిత్రేనమ్మా" అన్నారు. ఇన్నాళ్ళూ రొట్టె అనుకున్నానండీ అన్నాను. ఆయన అడిగి అడిగి, నేను మరిచిపోయిన మనుషులందరినీ నా దగ్గరికి తిరిగి తెచ్చారు. ఆ రుణం చెక్క ముక్కలతో తీరదు.

కానీ మాస్టారూ, మీరు పదేపదే అడిగిన ఒక్క ప్రశ్నకు నా దగ్గర జవాబు దొరకదు. వెనక కిటికీలో పెట్టే ముద్ర లేని రొట్టె ఎవరెవరు తీసుకెళ్ళేవాళ్ళో చెప్పమన్నారు. పుస్తకంలో వేస్తామన్నారు. బట్టీని మ్యూజియం చేసి, ఆకలిని గెలిచినవాళ్ళంటూ ఆ పేర్లు గోడ మీద చెక్కిస్తామన్నారు. మంచి మనసుతోనే అడిగారు. ఎందుకు చెప్పనో కింద రాస్తున్నాను. కావాలంటే ఇది వేసుకోండి.

5. మా అత్తగారికి. చనిపోయినవాళ్ళకు ఏమీ రాయకూడదండీ అని వకీలుగారు అడ్డుపడ్డారు. నేను రాస్తున్నది ఆస్తి కాదు, నమస్కారం. నేను కాపురానికి వచ్చిన కొత్తలో, చెయ్యి అలవాటు కొద్దీ, గోడకున్న, ఇదే వీధిలోని మా పుట్టింటి ముద్ర తీసి మా రొట్టె మీద నొక్కేశాను. అది కాస్తా మా నాన్న ఇంటికి చేరింది. తాము పిండి ఇవ్వకుండానే తమ ముద్రతో రొట్టె వచ్చేసరికి, కూతురు ఏదో బాధలో ఉండి కబురు పెట్టిందనుకుని ఆయన చెప్పులైనా లేకుండా పరుగెత్తుకొచ్చాడు. వీధంతా చూస్తోంది. మా అత్తగారు నన్ను పల్లెత్తు మాట అనలేదు. మా నాన్నను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, "ఆకలేస్తే మీ అమ్మాయికి ఇంకా మీ ఇల్లే గుర్తొస్తోందండీ. దాందేముంది, నెమ్మదిగా ఇదీ గుర్తొస్తుంది" అంది. ఆవిడకు నేను కోడలినైంది ఆ రోజే.

నిమ్మకాయంత ముద్దల్లో మాకు సరిపోను తీసుకున్నాక, మిగిలినవన్నీ కలిపి ఆవిడ రోజూ ఇంకొక పెద్ద రొట్టె చేసేది. దానికి ముద్ర ఉండదు. అది వెనక కిటికీలో పెట్టి, అటు వీపు తిప్పి, బూడిద లాగుతూ కూర్చునేది. కావలసినవాళ్ళు వచ్చి తీసుకెళ్ళేవాళ్ళు. అడుగుల చప్పుడు సందు దాటేదాకా తల తిప్పేది కాదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు కదత్తయ్యా అని ఒకసారి అన్నాను. "అందుకేనే పిల్లా, అడగక్కర్లేని చోటు ఒకటుండాలి. ఇచ్చే చెయ్యి కనబడితే కనబడింది, పుచ్చుకునే మొహం కనబడకూడదు" అంది. ఆవిడ తర్వాత నేనూ అలాగే కూర్చున్నాను.

6. అయితే కళ్ళకు రెప్పలున్నాయి, చెవులకు లేవు. ఒక వానాకాలమంతా వచ్చిన అడుగులను నేను గుర్తుపట్టాను. ఆ చప్పుడు ఎలా ఉండేదో కూడా రాయను. తర్వాత వాళ్ళ రోజులు బాగుపడ్డాయి, చప్పుడు ఆగిపోయింది. చాలా సంతోషపడ్డాను. కొన్నేళ్ళకు అదే మనిషి నడివీధిలో నన్ను నిలబెట్టి, "నిమ్మకాయంతని చెప్పి బత్తాయంత లాగుతోంది, పిండిదొంగ!" అని అరిచారు. జనం మూగారు. నా నాలుక చివర ఒకే ఒక్క మాట ఉంది. అది అంటే ఆ మనిషి ఇక ఈ వీధిలో తలెత్తుకు తిరగలేరు. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆయన అనేవాడు. ఆ రోజు నానింది. లోపలికి వచ్చి, బట్టీ ముందు కూర్చుని, మా అత్తగారిని తలుచుకుని ఏడ్చాను.

ఆ మనిషి ఎవరా అని లెక్కలు వేయకండి. ఈ వీధిలో నన్ను పిండిదొంగ అనని నోరు లేదు. నాతో తగవు పడని ఇల్లు ఒక్కటి కూడా మిగలకుండా, ఆ తర్వాత నేనే జాగ్రత్త తీసుకున్నాను.

7. సదరు బట్టీ గదీ, కిటికీ, సందులో వాటా, చెక్క పారతో సహా, నా కోడలికి, ఆమె పేరు మీదనే, సర్వహక్కులతో దఖలు పరుస్తున్నాను. గది పడగొట్టి పెద్ద షోరూమ్ కడదామని నా కొడుకు ఆశ. మ్యూజియం మాస్టారి ఆశ. ఇప్పుడు పిండి తెచ్చే ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, నిజమే. కానీ కిటికీలో పెట్టిన రొట్టె ఏ రోజూ మిగలడం లేదు. ఆ సంగతి నాకూ కోడలికీ మాత్రమే తెలుసు.

నా కోడలికి పిండి కలపడం రాదు. ఆమె మొదటిసారి కాల్చిన రొట్టెను తలుపు మూసుకుపోకుండా కింద అడ్డుగా వాడుకున్నాం. మా ఇద్దరికీ పడని రోజులే ఎక్కువ. నేను మంచం పట్టినప్పుడు ఆమె బట్టీ దగ్గర నిలబడితే నేను పక్కగదిలోంచి చూస్తున్నాను. నా కొడుకు కట్టెలు దింపుతున్నాడు. సందులో అడుగులు వినబడ్డాయి. వాడు "ఎవరది?" అంటూ కిటికీవైపు తిరగబోయాడు. కోడలు చేతిలో ఉన్న తువ్వాలు వాడి తల మీద కప్పేసి, రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. వాడు "ఏంటే ఇది, ఊపిరాడట్లేదు!" అని లోపల్నుంచి గింజుకుంటున్నాడు. "పిండి ఎగురుతోంది, కళ్ళల్లో పడుతుంది" అంది. ఆమె కళ్ళు కూడా మూసుకునే ఉన్నాయి. నేను ఆమెకు ఏనాడూ ఏమీ చెప్పలేదు. ఇంక ఈ బట్టీ ఎవరికి రాయాలో ఆలోచించే పని లేకపోయింది.

అమ్మా, కిటికీలో రొట్టె మిగిలే రోజు వస్తే, ఒక వారం చూసి, నిశ్చింతగా బట్టీ ఆర్పెయ్యి. ఎవరికీ అవసరం లేదంటే అంతకంటే కావలసిందేముంది? అప్పుడు నీ ఇష్టం, షోరూమ్ కట్టుకున్నా నాకు ఆనందమే. అందాకా నీ మొగుడి ఓవెన్లు ముందుగదిలో ఉంటాయి, నువ్వు వెనక ఉండు.

8. నేను పోయాక బట్టీ మొదటిసారి రాజేసిన రోజున, నాతో ఎప్పుడైనా తగవు పడ్డ ప్రతి ఇంటికీ, అంటే వీధి మొత్తానికి, ముద్ర లేని రొట్టె ఒక్కొక్కటి పంపవలసింది. ఎవరి ఇంటి ముందూ ఆగి మాట్లాడకుండా పెట్టి రావాలి. దానితోపాటు ఈ మాట అందరికీ ఒకేలా కాగితం మీద రాసి పెట్టాలి: ఆ కిటికీలో రొట్టె తీసుకున్నవాళ్ళెవరూ దానం పుచ్చుకోలేదు. అందులో ప్రతి ఇంటి పిండీ ఉంది, మీ ఇంటి ముద్ద కూడా ఉంది. మీది మీరు తీసుకున్నారు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఇన్నేళ్ళూ నా వీపును నమ్మి వచ్చినందుకు మీకు నేనే రుణపడి ఉన్నాను.

9. నన్ను చివరిచూపు కోసం పడుకోబెట్టేటప్పుడు వెల్లకిలా పెట్టకండి. బట్టీ గదిలో, సందులోకి ఉన్న వెనక తలుపు తీసి ఉంచి, పక్కకు తిప్పి, మొహం గోడవైపు ఉండేలా పడుకోబెట్టండి. బంధువులు ఏమనుకుంటారోనని మార్చకండి. ముందు గుమ్మంలోంచి రాలేనివాళ్ళు కొందరు ఆ తలుపులోంచి వస్తారు. వాళ్ళు వచ్చి వెళ్ళేదాకా మీరంతా ముందుగదిలో ఉండండి. నేను చూడను.

తేదీ: వానలు తగ్గిన తర్వాత రెండో శుక్రవారం, బట్టీ చల్లారిన వేళ.

(సంతకం) బట్టీ అత్త

సాక్షులు:
మందుల షాపు ఆయన
ఎదురింటి దర్జీ భార్య

పై ఇద్దరూ నేను సంతకం పెడుతుండగా కళ్ళారా చూశారు. చట్టం ప్రకారం ఇదొక్కటీ చూసి తీరాలట.