పెరగని ధర

అక్కకు,

నమస్కారాలతో చెల్లెలు రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం. పోయిన ఉత్తరంలో చెప్పిన దగ్గు మాత్రం క్షేమంగా లేదు, వదిలిపోయింది. నువ్వూ, బావగారూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

చిన్నప్పుడు నన్ను ప్రశ్నల పుట్ట అనేదానివి, ఇప్పుడు నువ్వే మూడు ప్రశ్నలు వేశావు. ఇంటావిడ అద్దె పెంచిందా అన్నావు. పెంచింది. పైగా "ధరలు పెరిగాయని మీ ఆఫీసువాళ్ళే చెప్పారు కదమ్మా" అని తప్పు నా మీదకే తోసింది.

రెండో ప్రశ్న నాకు భలే నచ్చింది. "ధరలు ఏడాదికి ఆరు శాతం పెరుగుతున్నాయని నీ ఆఫీసు అంటుంది, నా సంచీ చూస్తే అంతకు రెట్టింపు, ఎక్కడ కొలుస్తున్నారే మీరు?" అన్నావు. మీ మిల్లులో కరువు భత్యం మా లెక్కను బట్టే ఇస్తారు కాబట్టి అడిగే హక్కు నీకుంది. జనం కొనేవన్నీ ఒక బుట్టలో వేశామనుకో. రొట్టె, పాలు, సబ్బు, అద్దె, బస్సు టిక్కెట్టు, బట్టలు కుట్టించుకోవడం. నెలనెలా అదే కొట్టుకు వెళ్ళి, అదే వస్తువు, అదే కొలతలో ఎంతని అడుగుతాను. ఎనిమిదేళ్ళ కిందట లెక్క మొదలుపెట్టినప్పుడు ఆ బుట్టకు నూరు పడితే ఇప్పుడు నూట అరవై పడుతోంది. అంటే ఇవాళ్టి నూరు అప్పటి అరవై రెండున్నరతో సమానం. నోటు మీద అంకె మారలేదు, దాని సత్తువ తగ్గింది. కానీ ఆ బుట్ట అందరిదీ కలిపి తీసిన సగటు. నీ జీతంలో ముప్పాతిక తిండికీ అద్దెకీ పోతుంది, అవే ఎక్కువ పెరిగాయి. నీ సంచీ అబద్ధం చెప్పడం లేదక్కా, మా బుట్టా చెప్పడం లేదు.

ఇందులో మోసాలు కూడా ఉంటాయి. పోయిన నెల సబ్బు ధర మారలేదని సంబరపడ్డాను. చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా తోచింది. తూకం వేయిస్తే బిళ్ళ చిక్కిపోయింది! దాన్ని ధర పెరిగినట్టే రాశాను.

అంతకన్నా వింత ఒకటి జరిగింది. నా కొట్లలో ఒక దర్జీ ఉన్నాడు. ప్యాంటు పొడవు తగ్గించి అంచు కుట్టడానికి ఎంతని అతన్ని నెలనెలా అడగాలి. రెండేళ్ళుగా ఒకటే ధర. దారం పెరిగింది, కొట్టు అద్దె పెరిగింది, ఇతని ధర మాత్రం ఉలకదు పలకదు. ఎలా నెట్టుకొస్తున్నాడా అని నాకు నిద్ర పట్టలేదు. సబ్బులాగే కుట్టు పలచబడిందేమోనని మా ఆఫీసు పెద్దావిడ చేత వాళ్ళాయన ప్యాంటు పంపించాను. కుట్టు ఎప్పటిలాగే దిట్టంగా ఉంది. ఆవిడ దగ్గర తీసుకున్నది మాత్రం నాకు చెప్పే ధరకు ఒకటిన్నర రెట్లు!

మర్నాడే వెళ్ళి నిలదీశాను. కత్తెర పక్కన పెట్టి తల దించుకున్నాడు.

"మొదట్లో ఒకసారి రేటు పెంచానంటే మీ మొహం చిన్నబోయిందండీ. మీ ముందు మళ్ళీ పెంచబుద్ధి కాలేదు."

"నా మొహం చూసి ధర చెప్తారా? మీ మొహమాటం వల్ల మా అక్క భత్యం తగ్గిపోతుంది, తెలుసా?"

"అయ్యో, అక్కగారి భత్యం తగ్గకూడదు. రాసుకోండి," అని గబగబా అసలు ధర చెప్పేశాడు. నాకు నవ్వు ఆగలేదు. వెళ్ళబోతుంటే, "ఈసారి రాసుకోవడానికి కాకుండా ఊరికే రండి," అన్నాడు.

పాత ధర తప్పని ఆఫీసులో చెప్పి దిద్దించాను. ఆ తర్వాత ఊరికే వెళ్ళాను. చాలాసార్లు వెళ్ళాను.

ఇప్పుడు నీ మూడో ప్రశ్న. నువ్వు చూసిన ఆ బ్యాంకు గుమాస్తా సంబంధం సంగతి ఏం ఆలోచించావన్నావు. వద్దక్కా. నాకు ఈ దర్జీ అంటే ఇష్టం, అతనికీ నేనంటే ఇష్టం. నెలజీతం లేనివాడు, ధరలు మండిపోతే భత్యం ఇచ్చే యజమాని లేనివాడు, వాడితో ఎలా బతుకుతావే అంటావు. ఆ భయం నాకూ ఉంది. నెలనెలా ధరలు చూసేదాన్ని, నాకు లేకుండా ఎలా ఉంటుంది? కానీ అతనికి ధర పెంచడం రాదు, నాకు ఏది ఎంత పెరిగిందో తెలుసు. ఆ పని నేను చూసుకుంటాను. అమ్మ పోయాక నన్ను పెంచినదానివి, నువ్వు కాదంటే నాకు ఈ సంతోషం దక్కినా సంతోషంగా ఉండదు.

సొంతవాళ్ళ కొట్లో ధర రాయకూడదని మా ఆఫీసు నియమం. ఆ కొట్టు ఇంకొకరికి అప్పగించమని దరఖాస్తు రాసిపెట్టాను. కారణం అన్నచోట "కాబోయే భర్త" అని రాసి, ఇవ్వకుండా ఆగాను. పై నెల అక్కడికి ధర అడగడానికే వెళ్ళాలా, ఇంకెవరినైనా పంపాలా? నువ్వు చెప్పు.

ఇట్లు,
నీ జవాబు కోసం ఎదురుచూస్తున్న
చెల్లెలు