శాలువా ఎవరికి కప్పాను?

ఆదివారం రాత్రి

ఇవాళ మా కొత్త సర్పంచ్ లక్ష్మమ్మకు సన్మానం. బడి మెట్లెక్కకుండానే చదవడం నేర్చిన నేను, పేపర్లలో చూసిందంతా కలిపి ఆడవాళ్ల పాలన మీద అరగంట దంచాను. పక్కనే ఉన్న ఎయిర్‌పోర్టు విమానాలు నెత్తిమీద పోతూ మాట వినపడనప్పుడే ఊపిరి తీసుకున్నాను. ఆఖర్న శాలువా అందుకుని, ముందు కుర్చీలో కూర్చున్న ఆమె పెనిమిటికి కప్పేశాను! అందరూ చప్పట్లు కొట్టారు. ఒక్కరికీ తప్పనిపించలేదు.

వేదిక మెట్ల దగ్గర లక్ష్మమ్మ నన్ను ఆపింది. "పెద్దబాపు, శాలువా పోతే పోనియ్యి. ఓటన్నా నాకేసినవా, ఆయనకేసినవా?"

"నీకే బిడ్డా."

అబద్ధమాడాను. ముద్ర గుద్దినప్పుడు నా కళ్లముందున్నది అతడి ముఖమే. ప్రచారానికి ఆమె మా గడపలోకొచ్చి మంచినీళ్ల సంగతేదో మొదలుపెడితే, "మీ ఆయన్ను తోలియ్యి, మాట్లాడుత" అన్నాను. ఆమె ఏం చెప్పబోయిందో నాకిప్పటికీ తెలియదు...