వెనక్కి పంపే అర

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ నేనూ, మీ బావా, పిల్లలూ బాగానే ఉన్నాం. మరదలికి మోకాలి నొప్పి తగ్గిందని రాశావు, సంతోషం. మెట్లెక్కేటప్పుడు తొందరపడొద్దని నా మాటగా చెప్పు. మీ బావ దగ్గు మాత్రం ఎవరి మాటా వినడం లేదు, అచ్చం ఆయనలాగే.

నీ ఉత్తరం పట్టుకునే తిరుగుతున్నాను. "ఇదే నా ఆఖరు నవల. ఇక జన్మలో కాగితం ముట్టను" అని రాశావు. అది చదివినప్పటి నుంచి తిండి సహించడం లేదు.

"మీ పబ్లిషర్లకి అసలేం కావాలక్కా?" అని అడిగావు. చెబుతాను. వచ్చిన రాతప్రతులు ముందు చదివేది నేనూ, నా పక్క కుర్చీలో ఆవిడా. మాకు నచ్చింది యజమాని గదిలోకి పోతుంది, నచ్చనిది వెనక్కి పంపే అరలోకి. మేం నవలలు తప్ప మరోటి వెయ్యం, అయినా ఒకాయన వంటల పుస్తకం పంపుతాడు. ఇంకొకాయన నవలకన్నా పొడుగు ఉత్తరం జత చేసి, తన భార్య చదివి కంటతడి పెట్టుకుందంటాడు. పెట్టుకోక ఏం చేస్తుంది పాపం, కాపురం చేయాలి కదా! ఒకావిడ రోజు మార్చి రోజు ఫోన్ చేసి "చదివారా?" అంటుంది. నువ్వు ఇవేవీ చేయలేదు. మా పుస్తకాలు చదివాకే పంపావు, కథేమిటో అరపేజీలో చెప్పావు. నీ తప్పు ఒక్కటే. కథ నాలుగో అధ్యాయంలో మొదలైంది. ముందు మూడూ తాతముత్తాతల ముచ్చట్లే. వచ్చినవాణ్ణి గుమ్మంలో నిలబెట్టి వంశం గురించి చెబితే లోపలికి రాకుండానే పోతాడు. అవసరమైన నాలుగు ముక్కలు తర్వాత ఎక్కడైనా చెప్పుకోవచ్చు.

"సిఫార్సు అనుకుంటారని వేరే పేరుతో మీ ఆఫీసుకే పంపాను. నా నవల తిప్పికొట్టిన ఆ గాడిదెవరో కనుక్కో" అని కూడా రాశావు.

కనుక్కునే పని లేదురా. ఆ గాడిద నేనే.

ఎవరిదో తెలియక చేశానని రాద్దామనుకున్నాను, చెయ్యి రాలేదు. ఆ తాతల ముచ్చట్ల మధ్యే ఒకచోట నీ కథలో తండ్రి, కోపమొస్తే ముందు కళ్లజోడు తీసి, మడిచి, జేబులో పెట్టుకుని, అప్పుడు అరుస్తాడు. అంత పద్ధతిగా కోప్పడే మనిషి లోకంలో మన నాన్న ఒక్కడే. చదవగానే నీదేనని తెలిసిపోయింది. మా దగ్గర సొంతవాళ్ల రచన వస్తే చీటీ మీద ఆ మాట రాసి పక్కవాళ్లకి ఇచ్చేయాలి. ఎవరిదైనా ఇరవై పేజీలు చదవకుండా వెనక్కి పంపకూడదు. నేను రెండూ తప్పాను. చీటీ రాస్తే, అక్క ఉందని వచ్చాడంటారని భయం. బాగుందంటే పక్షపాతం అంటారని భయం. ఆ భయంతో ప్రతి వాక్యంలోనూ తప్పులే వెతికాను. పదో పేజీలో మూసేసి, మాకు అనువుగా లేదని నీకు జవాబు టైపు చేశాను. ముక్కూమొహం తెలియనివాడికి చేసే న్యాయం కూడా నీకు చేయలేదు.

నీ ఉత్తరం అందగానే ఆఫీసుకి పరుగెత్తాను. నీకు జవాబొక్కటే వెళ్లింది, తపాలాకట్ట ఇంకా కట్టలేదు, నీ నవల అరలోనే ఉంది. కూర్చుని మొత్తం చదివాను. ఆసుపత్రి వరండాలో తండ్రి కొడుకుని గుర్తుపట్టనట్టు నటించే చోట ఏడుపు ఆగలేదు. పక్కావిడ కంగారుపడి, "ఏంటండీ, ఒంట్లో బాలేదా?" అంది. తల అడ్డంగా ఊపి, ఆ కట్ట తీసుకుని తిన్నగా యజమాని గదిలోకి వెళ్లాను. జరిగింది జరిగినట్టు చెప్పేశాను.

ఆయన పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు.

"పదో పేజీలో ఎందుకాపారు?" అన్నాడు.

"ఇంకా చదివితే బాగుంటుందేమోనని భయమేసిందండీ."

ఆయన నవ్వలేదు. "అయితే ఇకమీదట మీరు రాతప్రతులు చదవొద్దు. ప్రూఫులు దిద్దే గదిలోకి మారండి. ఇది మీ పక్కావిడ చదువుతుంది. ఎవరిదో నేను చెప్పను, మీరూ చెప్పకండి."

పదేళ్లుగా చేస్తున్న పని పోయింది. బాధగానే ఉంది, నీ దగ్గర దాచడమెందుకు. కానీ అంతకన్నా పెద్ద భయం ఇప్పుడు నా కళ్లెదుట ఉంది. ఈ ప్రూఫుల గది గాజు తలుపులోంచి ఆవిడ బల్ల కనిపిస్తుంది. ఇప్పుడే నీ కట్ట విప్పింది. ఆ మూడు అధ్యాయాలూ అలాగే ఉన్నాయి. వాటిని ఓపిక పట్టి దాటండని చెప్పే హక్కు నాకు లేదు. ఆవిడ ఒకసారి ఆవలించింది కూడా.

అవునన్నా కాదన్నా ఈసారి నీకు జవాబు రాసేది ఆవిడే. కాదంటే నన్ను తిట్టు, నా ఇంటికి రావడం మానెయ్, పడతాను. రాయడం మాత్రం మానకు. మొదటిసారి నిన్ను కాదన్నది నీ నవల చదివిన మనిషి కాదు.

నా మొహం చూసి ఆవిడ ఏమీ పోల్చుకోకుండా కుర్చీ గోడవైపు తిప్పుకున్నాను. నీకోసం ఇప్పుడు చేయగలిగింది ఇదొక్కటే.

ఇట్లు,
నీ మీద ప్రేమ ఉండీ నిన్ను చదవలేకపోయిన
అక్క