ఎసరు పోయని వంట

ఉనైజా

గౌరవనీయురాలైన అక్క హుస్సేన్‌బీ గారికి తమ్ముడు మస్తాన్ వలీ సలాములు.

రాత్రి బడిలో చదివి నలభై ఆరో ఏట పట్టభద్రుడనైన వాడికి వాయిస్ మెసేజీలు శోభించవు గనుక, ఈ ఉత్తరం సౌదీ నుండి స్వహస్తాలతో వ్రాసి, ఫోటో తీసి పంపుతున్నాను.

నాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, మా కఫీలు గారు బ్రెజిల్ నుండి కోళ్ళు తెప్పించి అమ్ముతారు. శుక్రవారం ఆ కోళ్ళ కంపెనీ దొర భోజనానికి వస్తున్నారు. వారి దేశపు ఫరోఫా చేయమని నాకు ఆజ్ఞ అయినది. కర్రపెండలం రవ్వను ఉల్లి, వెల్లుల్లితో వెన్నలో పొడిపొడిగా వేయించి, మాంసం పక్కన వడ్డించాలి. కుదిరితే నేను వంటశాలకు పెద్దను. కుదరకుంటే ఖర్జూరం తోటలో కూలీని. సెలవు ముగించుకొని ఇక్కడి పనికి తిరిగి వస్తున్న మన ఫయాజ్ చేత రవ్వ పంపగలరు.

ఇట్లు,
మస్తాన్ వలీ, బి.ఏ.

తా.క.: కోరినది రవ్వ మాత్రమే. సలహాలు కాదు.

*

పెద్దాపురం

మస్తానూ, అక్క దీవించి రాసేది.

రవ్వ ఎండబెట్టి ఫయాజుకిచ్చాను. నీ ఉత్తరంలో వెన్నుంది, ఉల్లిపాయుంది, నీళ్ళేవిరా? గ్లాసు రవ్వకి రెండు గ్లాసుల ఎసరు. పొడిరవ్వ గొంతుకడ్డం పడి దొర పోయాడంటే నిన్ను తోటలోకి కాదు, జైల్లోకి పంపుతారు.

నీ మంచి కోరే,
అక్క

తా.క.: బి.ఏ.లో ఉప్మా పాఠం లేదేంటి?

*

ఉనైజా

అక్కగారికి సలాములు.

రవ్వ అందినది. నిన్న కొంచెం చేసి చూడగా, కఫీలు గారి తల్లిగారు రుచి చూసి చాలాసేపు దగ్గారు. అయినను పద్ధతి పద్ధతే. నా పొయ్యి దరికి నీటిచుక్క రాకూడదు. ఇది కఫీలు గారి ఆజ్ఞ.

విధేయుడు,
మస్తాన్ వలీ, బి.ఏ.

తా.క.: నీళ్ళ ప్రసక్తి ఇక ఎత్తవద్దు. ఇంట్లోవారు వింటే బాగుండదు.

*

పెద్దాపురం

ఒరే నా తమ్ముడా!

ఇప్పుడర్థమైంది. నూనె బావులున్న దేశంలో నీళ్ళ బావులెక్కడివిలే! చుక్క నీరివ్వకుండా వంట చేయిస్తూ, పైకి చెప్పొద్దని బెదిరించారా? ఫయాజుకి ఫోన్ చేసి ఏడ్చాను. "ఊరుకో పిన్నీ, నేనెళ్ళి అరబ్బీలో అడిగేస్తా" అన్నాడు.

కడుపు తరుక్కుపోతున్న,
అక్క

తా.క.: దాహమేస్తే మొహమాటపడకు. మసీదుకెళ్ళి తాగు.

*

ఉనైజా

అక్కగారికి,

శుక్రవారం దొరగారి సమక్షంలో నేను రవ్వ వేయిస్తుండగా ఫయాజ్ వచ్చి, మా కఫీలు గారిని "వంటవాడికి గుక్కెడు నీళ్ళివ్వరా? వాళ్ళక్క ఏడుస్తోంది" అని అడిగాడు. అతిథి ముందు అంత మాట పడిన కఫీలు గారు, "నా ఇంట్లో నీళ్ళకు కరువా? ఇదిగో!" అంటూ పెద్ద సీసా తెచ్చి నా బాణలిలోనే కుమ్మరించారు. గరిటె అడ్డుపెట్టితిని, ఫలించలేదు.

పిదప ఏర్పడినది ఉప్మా. అది తమ వంటకం కానే కాదని దొరగారు తేల్చిచెప్పి, మళ్ళీ వడ్డించుకున్నారు. తల్లిగారు గిన్నెను తమవైపు లాక్కొని, ప్రతి శుక్రవారం ఇదే కావాలన్నారు. నేను వంటశాలకు పెద్దనైతిని. ఇంత అవమానకరమైన పదోన్నతి పగవాడికి కూడా వద్దు.

ఇట్లు,
మస్తాన్ వలీ

తా.క.: కఫీలు గారు మీకు ధన్యవాదాలు చెప్పమన్నారు. నేను చెప్పడం లేదు.

*

పెద్దాపురం

మస్తానూ, కోపం తగ్గాకే చదువు.

నీ మాట తప్పని తేల్చేద్దామని, మిగిలిన రవ్వ చుక్క నీరు లేకుండా వెన్నలో వేయించాను. కోడికూర అన్నం మీద చల్లితే ఇంటిల్లిపాదీ కంచాలు నాకేశారు. పక్కింటి రహమత్బీ నేర్చుకోడానికొచ్చి "కాసిని నీళ్ళు పోద్దామా?" అంది. "చెయ్యి విరుగుద్ది! ఇది ఫరోఫా!" అని గరిటె లాక్కున్నాను.

దీవెనలతో,
అక్క

తా.క.: ఫరోఫా గురించి ఏ అనుమానమొచ్చినా నన్నడుగు. నీది ఉప్మా డిపార్ట్‌మెంటు కదా.