బొడ్డు కోసిన వెంటనే

మార్చి 4
"బొడ్డు కోసిన వెంటనే యాంటీబయాటిక్ ఇప్పిస్తా. నామీద వదిలెయ్ కూమ్" అన్నాడు. ముప్పై ఆరేళ్ల కిందటి మాట. మా పెళ్లికి సాక్షిగా నిలబడి నాకు కూమ్ అయినవాడు, నన్నూ అలాగే పిలుస్తాడు. తోడబుట్టినవాడికంటే దగ్గర. మా ఊరి ఆస్పత్రిలో సర్జన్. సిజేరియన్ గాయం చీముపట్టి చనిపోతున్న బాలింతల గురించి చదివి, నా భార్య కాన్పుకు ముందు నేనే అడిగి మాట తీసుకున్నాను.

ఇప్పించలేదు. బిడ్డను తీయగానే కుట్లు అసిస్టెంటుకు వదిలేసి, కారిడార్లోకి పరుగెత్తుకొచ్చి నా చొక్కా చింపాడు. బిడ్డ పుడితే తండ్రి చొక్కా చింపడం మా సెర్బుల ఆనవాయితీ. ఇంజెక్షన్ వాడే ఇప్పించి ఉంటాడని లోపలివాళ్లు అనుకున్నారు. వాళ్లే ఇస్తారని వాడనుకున్నాడు. నా రుజిత్సా వారం తిరక్కుండా జ్వరంతో పోయింది.

మార్చి 5
రేపు నా కూతురు దున్యాకు సిజేరియన్. అదే ఆస్పత్రి. నాకు మిగిలింది అదొక్కతే.

మార్చి 6, ఉదయం
మత్తు డాక్టరమ్మను ఆపరేషన్ థియేటర్ గుమ్మంలోనే నిలేశాను. ఇంజెక్షన్ ఎప్పుడని.

"ఇచ్చేశాం తాతా. ఇప్పుడు కోతకు ముందే ఇస్తాం, అందరికీ ఇంతే" అంది. నేను చదివిన పత్రికలన్నీ అప్పజెప్పబోయాను. "మీరు నా ప్రొఫెసరయి ఉంటే నేనింకా పాసయ్యేదాన్ని కాదు. కూర్చుని కాఫీ తాగండి" అని నవ్వి లోపలికి వెళ్లిపోయింది.

అందరికీ ఇంతే. అడగనక్కర్లేదు. మాట తీసుకోనక్కర్లేదు. ఇంత తేలికైన పని. బెంచీ మీద కూర్చుని ఏడ్చాను.

సాయంత్రం
ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. స్నేహితులు రకీయా సారా సీసాతో వచ్చి అల్లుడి చొక్కా పీలికలు చేశారు. "మీరూ ఓ చెయ్యి వెయ్యండి మావయ్యా, కాలర్ మిగిలింది!" అని అరిచాడు అల్లుడు. గోడవైపు తిరిగాను.

మార్చి 9
జ్వరం లేదు. "ఇట్లా నా నుదురు తడుముతూ ఉంటే అక్కడే పుండు పడుతుంది నాన్నా" అంటోంది దున్యా.

పాప బాప్తిజం నా కూమ్ చేతులమీదుగానే కావాలట. కూమ్ సంబంధం తరతరాలది, తనకూ వాడే చేయించాడు కదా అంది. "ఆ పెద్దాయన నీకేం ద్రోహం చేశాడు?" అని నిలదీసింది. చెప్పలేదు. చెబితే, తను పుట్టిన సంబరంలోనే అమ్మ పోయిందని తెలిసిపోతుంది.

ఏప్రిల్ 20
చర్చిలో బిడ్డకు పేరు చెప్పే హక్కు కూమ్‌ది. వాడు "రుజిత్సా" అన్నాడు. దున్యా ఏడుస్తూ వాడి చెయ్యి ముద్దుపెట్టుకుంది.

ఏప్రిల్ 21
పాపను ఎత్తుకున్నాను. దాని పేరు పిలవబోతే నోట్లోకి ఇంకో పేరు వస్తోంది, ఆ పేరు పెట్టిన నా కూమ్ పేరు.

వుకాశిన్.