బూర ఓదెలు పేరున బియ్యం

నా భార్య యమునాబాయి 2005 ఆగస్టు 11, గురువారం సాయంత్రం నాలుగుంబావుకు భివండి పద్మనగర్‌లోని మా ఇంట్లో చనిపోయింది. కిడ్నీలు పనిచేయడం మానేసి ఏడు నెలలైంది. ఇక చేసేదేమీ లేదని ఆసుపత్రి వాళ్లు సోమవారమే ఇంటికి పంపించారు. ఆ పొద్దున రెండు చెంచాల గంజి తాగింది. కొడుకు అమోల్ తొమ్మిదింటికి కాల్హేర్ గోదాముకు డ్యూటీకి పోయాడు. కూతురు పూనం షోలాపూర్‌లో బయలుదేరింది, ఇంకా చేరలేదు. పదకొండింటికి కరెంటు పోయింది. గల్లీలో మరమగ్గాలన్నీ, మేము సాంచాలంటాము, ఒక్కసారి ఆగాయి. కొద్దిసేపటికి పోస్ట్‌మన్ వచ్చి ఒక కవరు ఇచ్చాడు. అది ఆమె తండ్రి గురించి. ఇరవై నాలుగేళ్లుగా మేమిద్దరం ఎదురుచూసిన జవాబు. గడప బయట నిలబడి చదివాను. చింపి మురికికాలువలో వేశాను. ఆమె అడిగితే పాత లైట్ బిల్లు అన్నాను. ఐదు గంటల తర్వాత ఆమె పోయింది.

నేను, చిలువేరి రాజలింగం, తండ్రి కీర్తిశేషులు నర్సింగం, వయసు అరవై ఏడు, బి.ఎ., సొంతూరు సిరిసిల్ల, ఈ వీలునామా నా చేత్తో రాస్తున్నాను. బుద్ధి నిలకడగా ఉంది. డాక్టరు రాసిచ్చిన కాగితం జతచేశాను. ఒత్తిడి చేసే మనిషి ఇంట్లో ఎవరూ లేరు. ఇంతకుముందు వేరే వీలునామా రాయలేదు. అమలు చేసే బాధ్యత నా స్నేహితుడు, రిటైర్డ్ టీచర్ రాంప్రసాద్‌కు అప్పగిస్తున్నాను. మొదటి కాగితంలో ఆస్తి సంగతి ఉంది, అది ఎవరైనా చూడవచ్చు. యమునాబాయి పోయిన రోజు గురించి విడిగా రాసి పైన పెట్టిన చీటీ, మిగతా కాగితాలు అమోల్, పూనం మాత్రమే చదవాలి.

1. పద్మనగర్‌లోని రెండు గదుల ఇల్లు అమోల్‌కు, పూనంకు సమానంగా చెందాలి. ఆడపిల్లకు సగం ఏమిటని అడిగే బంధువులకు నా జవాబు: ఆ ఇంటి గోడలు మా సాంచాలతో లేవలేదు. వాళ్లమ్మ పద్దెనిమిదేళ్లు నూలు కండెలు చుట్టింది, దానితో లేచాయి.

2. షెడ్డులోని నాలుగు సాంచాల్లో రెండు నడుస్తున్నాయి. నడిచేవి రెండూ మా దగ్గర పంతొమ్మిదేళ్లు నేసిన ఓదెమ్మ కొడుక్కు కాదు, ఓదెమ్మకే ఇవ్వాలి. ఆగిపోయినవి అమోల్‌వి. తుక్కుకు అమ్ముకున్నా నాకు బాధ లేదు. అమోల్ సాంచ పట్టనన్న రోజు నేను మూడు నెలలు మాట్లాడలేదు. అది నా తప్పు. ఇక్కడ రాసి ఒప్పుకుంటున్నాను, ముఖాముఖిగా నాకు చేతకాదు.

3. నా అక్క వెంకవ్వకు యమునాబాయి నారాయణపేట చీర, ఆకుపచ్చది, ఇవ్వాలి. ఆమెకు వేరే ఏమీ ఇవ్వడం లేదు. 1960లో మా పెళ్లి రోజు పసుపు దంచడానికి ముత్తయిదువలను పిలిచారు. పెళ్లికూతురి తల్లి లస్మవ్వ రోకలి పట్టుకోబోతే వెంకవ్వక్క చెయ్యి అడ్డం పెట్టింది. “మొగడు మొగుల్ల ఉన్నోళ్లు జర ఆగుండ్రి” అంది. మొగులంటే ఆకాశం; లస్మవ్వ భర్త విమానాల దళంలోకి పోయి తిరిగి రాలేదు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, సిగ్గుతో రాస్తున్నాను. లస్మవ్వ వెనక్కి పోలేదు. “మొగుల్ల ఉంటె ఏంది బిడ్డా, పైనుంచి నీ మొగన్ని గుడ సూస్తుంటడు, తాగి యాడ పడ్డడో” అని రోకలి తీసుకుంది. అక్క ఆ మాట నలభై ఐదేళ్లు మరిచిపోలేదు. యమునాబాయి ఆమెను ఎప్పుడూ పల్లెత్తు మాట అనలేదు. చీర అందుకే.

ఇక్కడితో మొదటి కాగితం అయిపోయింది.

4. అమోల్‌కు, పూనంకు మీ తాత సంగతి ముక్కలు ముక్కలుగా తెలుసు. వరుసగా రాస్తున్నాను.

బూర ఓదెలు సిరిసిల్లలో పుట్టాడు. ఏడో తరగతి చదివాడు. బొంబాయికి మిల్లు పనికి పోయి, అక్కడినుంచి యుద్ధం రోజుల్లో విమానాల దళంలో చేరాడు. మొదట మెకానిక్, తర్వాత బాంబులు వేసే విమానంలో తుపాకీ మనిషి. 1942లో యమున పుట్టినప్పుడు సెలవు మీద వచ్చి పదకొండు రోజులున్నాడు. మళ్లీ రాలేదు.

ఒక రోజు సిరిసిల్లకు తంతి వచ్చింది. లస్మవ్వ అప్పుడు పిల్లతో పుట్టింట్లో ఉంది. ఓదెలు తండ్రి దాన్ని బడిపంతులుతో చదివించుకున్నాడు. చావు కబురు మోసుకొచ్చిన కాగితాన్ని ఇంట్లోకి తీసుకుపోరు. మా వాళ్ల పద్ధతి అది. చదివి, గడప బయటే చింపి పారేస్తారు. ముసలాయన అలాగే చేశాడు. లస్మవ్వ తిరిగొచ్చేసరికి గాజులు పగలగొట్టడానికి ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ఆమె ఒక్క మాట అడిగింది: “కాయిదమేది?” చూపించడానికి లేదు. పంతులు బదిలీ మీద పోయాడు. తంతిలో చనిపోయాడని ఉందో, కనిపించడం లేదని ఉందో చెప్పేవాళ్లు ఎవరూ మిగలలేదు.

ఆ ఏడు పెత్రమాసకు, అంటే పెద్దల అమావాస్యకు, చనిపోయిన పెద్దల పేర్లు చెప్పి అయ్యగారికి బియ్యమిస్తుంటే, ముసలాయన కొడుకు పేరున ఒక పళ్లెం పెట్టాడు. లస్మవ్వ ఆ పళ్లెం ఎత్తి బియ్యం తిరిగి కుండలో పోసింది. “బతికున్నోనికి బియ్యమిస్తరా? కాయిదం సూపుండ్రి. సూపిన్నాడు పుస్తె నేనే తెంపుకుంట” అంది. ఆ తర్వాత ఎవరూ ఆ పళ్లెం పెట్టలేదు. ఆమె పుస్తెతో, బొట్టుతో బతికి, 1981లో మా ఇంట్లో చనిపోయింది. ముత్తయిదువను సాగనంపినట్టు కొత్త చీర కట్టి, పసుపు కుంకుమలతో సాగనంపాము. చనిపోయే ముందు నా చెయ్యి పట్టుకుని “నువ్వు సదువుకున్నోనివి అల్లుడా, ఒక్క కాయిదం తెప్పియ్యవా” అంది. తెప్పిస్తానన్నాను.

యమున కూడా తల్లి మాటే పట్టింది. ప్రతి పెత్రమాసకు అందరి పేర్లూ చెప్పి, తండ్రి దగ్గరికి వచ్చేసరికి ఆపేది. “నాయిన పేరు కాయిదం వచ్చినంక నేనే చెప్త” అనేది. ఇరవై మూడు పెత్రమాసలు అలా ఆపింది.

5. నా దగ్గరున్న దస్త్రం, ఫోటో అమోల్‌కు. దస్త్రంలో విమాన దళం ఆఫీసులకు నేను రాసిన నూట ఎనిమిది ఉత్తరాల నకళ్లు ఉన్నాయి. జవాబులు ముప్పై ఒకటి. అన్నింటిలో ఒకటే మాట: సర్వీసు నంబరు తెలపండి. ఆ నంబరు తంతి మీద ఉండేది. తంతి చింపారు. ఆ ముసలాయనను నేను తిట్టని ఏడాది లేదు. మూఢత్వమని, నాలుగు అక్షరాలు రాని మనిషి మూడు తరాలను చీకట్లో పెట్టాడని, మీ ముందే చాలాసార్లు అన్నాను. మీకు గుర్తుండే ఉంటుంది.

ఫోటోలో విమానం పక్కన ఇద్దరున్నారు. ఎడమవైపు మీ తాత. 1996లో పుణెలో ఒక రిటైర్డ్ మెకానిక్ ఆ ఫోటో చూసి విమానం ఏ రకమో, ఏ దళానిదో చెప్పాడు. ఇద్దరే ఎక్కే బాంబర్ అట. ముందు నడిపేవాడు, వెనక తుపాకీ మనిషి, తోక వైపు ముఖం పెట్టి కూర్చుంటాడట. ఎక్కడికి పోతున్నదీ అతనికి కనిపించదు, వదిలి వచ్చిందే కనిపిస్తుంది. ఇంటికి వచ్చి యమునకు చెప్పాను. కండెలు చుడుతున్నది ఆపింది. “అంటె నాయిన ఇంటి దిక్కు సూస్కుంటనే పోయిండన్నట్టు” అంది. మళ్లీ చుట్టడం మొదలుపెట్టింది.

ఫోటో చూడటానికి ఆమె వాడిన భూతద్దం పూనం బిడ్డ సాక్షికి ఇవ్వాలి. తండ్రి చెవి కింద పుట్టుమచ్చ ఉందని తల్లి చెప్పింది. అది కనిపిస్తుందేమోనని చూసేది. ఫోటోలో ఆ వైపు నీడ ఉంది. సాక్షికి ఇది చెప్పనక్కరలేదు. చీమలను చూసుకోనీయండి.

6. ఆ ఉత్తరం సంగతి.

దళం పేరు దొరికాక మళ్లీ రాస్తూ వచ్చాను. తొమ్మిదేళ్లకు జవాబు వచ్చింది, ఆగస్టు 11న. ఒక పేజీ. మీ తాత పేరు, నంబరు, తేదీ ఉన్నాయి. బర్మా సరిహద్దు కొండల మీద బాంబు వేయడానికి కిందికి దూకిన విమానం తిరిగి పైకి లేవలేదు. పక్క విమానాల వాళ్లు అది కొండను తాకి కాలడం చూశారు. ఇద్దరూ చనిపోయారు. శవాలు దొరకలేదు. సమాధి లేదు. తంతి ఇచ్చామని, కుటుంబం నుంచి జవాబు రాలేదని కూడా అందులో ఉంది.

చదవడం అయిపోయింది. తర్వాత చూసుకుంటే నా చేతుల్లో ముక్కలున్నాయి. ఆలోచించి చేసిన పని కాదు. లోపల మనిషి పడుకుని ఉంది, చేతిలో చావు కబురు ఉంది, నేను గడప బయట ఉన్నాను. మా నాన్న చింపాడు, మా తాత చింపాడు, నా చేతులూ చింపాయి. బి.ఎ. అడ్డం రాలేదు. కాలువలో జూలై వరద నీరు ఇంకా తగ్గలేదు. ముక్కలు పోయాయి.

సాంచాలు నడుస్తూ ఉంటే ఆమెకు వినిపించేది కాదు. ఆ రోజు కరెంటు లేదు. “ఏమయ్యా, ఏం సింపుతున్నవ్?” అని అడిగింది. పాత లైట్ బిల్లు అన్నాను. ఆమె నా వైపు చూసింది. మా ఇంట్లో ఏ కాగితాన్ని బయట నిలబడి చింపుతారో ఆమెకు నాకంటే బాగా తెలుసు. “పాతదే కదా, పోనీ” అంది. ఇంకేమీ అడగలేదు. అర్థమై అందో, అర్థం కాక అందో నాకు తెలియదు. తెలుసుకునే దారి లేదు. ఇది నాతోనే ఉంటుంది.

నకలు పంపమని మళ్లీ రాశాను. గత ఉత్తరం నంబరు తెలపండి అని జవాబు వచ్చింది. అదీ ముక్కల్లోనే పోయింది.

7. పూనం, ఇది నీకు. 1993లో నీ పెళ్లికి పుస్తెలు చేయించేటప్పుడు మీ అమ్మ లస్మవ్వ పుస్తె తెచ్చి అవుసులాయన చేతిలో పెట్టింది. “మా అవ్వ ముత్తయిదువగ పోయింది, ఆమె పుస్తె కలిస్తె పిల్లకు మంచిగైతది” అంది. నీ మెడలో ఆ బంగారం ఉంది. ఉత్తరంలోని తేదీ ప్రకారం లస్మవ్వ ముప్పై ఏడేళ్లు విధవ. మీ అత్త సుశీలాబాయికి ఇది తెలిస్తే ఆ పుస్తెలు ఒక్క రోజు నీ మెడలో ఉండనివ్వదు. వెంకవ్వక్కకు తెలిస్తే సాయంత్రానికి షోలాపూర్ చేరుతుంది. మీ అమ్మకు తెలిసి ఉంటే ఏం చేసేదో నేను చెప్పలేను. వాళ్లమ్మ లస్మవ్వ మాట ఇచ్చింది: చూపిన రోజు తెంపుకుంటానని. చూపినవాడిని నేను కాలేదు.

నువ్వు విప్పవద్దు. నా అభిప్రాయం ఇంతే. పైన పెట్టిన చీటీని, ఈ రెండో, మూడో కాగితాలను ఉంచే హక్కు, చింపే హక్కు నీకే ఇస్తున్నాను. అమోల్ అడ్డుచెప్పకూడదు.

8. నేను పోయాక నా పేరుతోపాటు ప్రతి పెత్రమాసకు బూర ఓదెలు పేరు చెప్పి అమోల్ బియ్యమివ్వాలి. బూర వాళ్ల వైపు ఇవ్వడానికి ఎవరూ లేరు.

రేపు పెత్రమాస. పొద్దున ఆరింటికి స్నానం చేసి, బియ్యం, పెసరపప్పు, సొరకాయ తీసుకుని గుడికి పోతాను. మా అమ్మానాన్నల పేర్లు చెబుతాను. లస్మవ్వ పేరు చెబుతాను, ముత్తయిదువ అనే చెబుతాను. యమునాబాయి పేరు చెబుతాను. తర్వాత ఓదెలు పేరు చెప్పి అరవై ఒక్క ఏళ్లు ఎవరూ పెట్టని పళ్లెం పెడతాను. ఎప్పుడు పోయాడని అయ్యగారు అడుగుతాడు. ఉత్తరంలోని అంకెల్లో నాకు గుర్తున్నది ఆ తేదీ ఒక్కటే. తెలియదని చెబుతాను. తేదీ తెలియని వాళ్లకు ఇచ్చేది ఈ అమావాస్యనే, ఆయన ఇంకేమీ అడగడు.

భివండి, పద్మనగర్
2 అక్టోబరు 2005, ఆదివారం

(సంతకం) చిలువేరి రాజలింగం
ప్రతి కాగితం మీదా సంతకం చేశాను.

సాక్షులు, నేను సంతకం చేస్తుండగా చూసినవారు, లోపల ఏముందో చదవనివారు:
1. గడ్డం లక్ష్మీనర్సయ్య, పద్మనగర్
2. స్వప్నిల్ దూస, నిజాంపురా