నిన్ను తీసేసిన మీటింగ్

సచ్చిపోయినోనికి మెంబర్‌షిప్ ఎందుకుండదు సత్తెన్నా? "సచ్చిపోయినోనికి మెంబర్‌షిప్ ఏందిరా" అని మన సెక్రటరీ నిన్న నా మీద గరమైండు. నువ్వు పోయి ఏడాదైందని ఇయ్యాల అమీర్‌పేటల మన పార్టీ ఆఫీసుల నీ ఫోటో పెట్టి, "మా కామ్రేడ్" అని సభ చేస్తున్నరు. పంజాగుట్టల వేరే పార్టీ ధర్నాల కూసున్నవని నిన్ను పార్టీల నుంచి తీసేసిండ్రు గదా, ముందుగాల అది రద్దు చెయ్యిండ్రని సెక్రటరీకి నేను చెప్పిన.

"ఆయనను తీసెయ్యాల్నని నువ్వు సుత చెయ్యెత్తినవ్ గదరా" అన్నడు సెక్రటరీ.

ఎత్తిన. మెజారిటీ మాట వినాలని నేర్పింది నువ్వే. ఆ దినం మీటింగ్‌కు అధ్యక్షుడివి సుత నువ్వే. నీకు ఎదురు లేసిన చేతులు నువ్వే లెక్కపెట్టినవ్. నా కాడికొచ్చి, "జర పైకెత్తు తమ్మీ, కనబడ్తలేదు" అన్నవ్. గది కోపమా, ఇంకో పాఠమా? నాకిప్పటికీ సమజ్ కాలే.

ఇయ్యాల సభల నేను లేచి, నీ మెంబర్‌షిప్ తిరిగియ్యమని అడుగుత. అందరు వద్దంటే, మళ్ల వాళ్ల మాటే వినాల్నా? లోపలికి పిలుస్తున్నరు. పోవాలె, అన్నా.